కంపవాతమూ, మా చందా పుస్తకమూ

మా యింట కంపవాతం ప్రవేశించి తొమ్మిదేండ్లయినది. జబ్బు మావారిదే గాని, మాత్రల వేళలు ఇంటిల్లిపాదివీ గనుక ‘మేము’ అనే వ్రాస్తున్నాము.

ఈ జబ్బంటే చెయ్యి వణకడమే ననుకుంటారు చాలామంది. మా యింట ముందుగా పోయినది వాసన. ఇంగువ పోపు వేసినా మావారికి తెలిసేది కాదు. తరువాత చేవ్రాత చిన్నదైపోయినది. పద్దుపుస్తకంలో శనగగింజంత అక్షరంతో మొదలైన పంక్తి ఆవగింజంత అక్షరంతో ముగిసేది. వణుకు ఆ వెనుక వచ్చినది. ఇప్పుడు నడుస్తూ నడుస్తూ గడప దగ్గర కాళ్లు నేలకు అంటుకుపోతాయి. అయితే నేలమీద అడ్డగీతలుంటే వాటిని దాటుకుంటూ చక్కగా నడుస్తారు! మా కోడలు వంటింటి నుండి పడకగది దాకా అడుగడుగుకూ సుద్దగీత గీసి పెట్టినది. చూడవచ్చినవారు ఇదేమి ముగ్గమ్మా అని అడుగుతారు.

ఈ జబ్బుకు ముఖ్యమైన మందు లీవోడోపా. దానిని భోజనానికి అరగంట ముందైనా వేసుకోవాలి. మాంసకృత్తులు దానికి అడ్డుపడతాయి. కనుక మా యింట పప్పు రాత్రి పూటకు మారినది. తెలుగువారింట మధ్యాహ్నం పప్పు లేని విస్తరి ఎట్లుంటుందో పాఠకులే ఊహించుకోవచ్చును.

ఆ లీవోడోపాను మన దూలగొండి గింజలనుండి వేరుచేసి 1937లో చూపినవారు ఈ మదరాసులోనే, విశ్వవిద్యాలయ జీవరసాయన ప్రయోగశాలలో పనిచేసిన దామోదరన్, రామస్వామి గారలు. అది ఈ జబ్బుకు పనికివస్తుందని అప్పటికి ఎవరూ ఎరుగరు. మెదడులో డోపమిన్ పనేమిటో స్వీడన్‌లో కార్ల్‌సన్ 1957లో చూపినారు. కంపవాత రోగుల మెదడులో అది తరిగిపోయి ఉన్నదని 1960లో వియన్నాలో హోర్నికీవిచ్ తేల్చినారు. మరుసటి యేడే అక్కడ రోగులకు లీవోడోపా ఇచ్చి చూచినారు. గింజకూ రోగికీ నడుమ ఇరువది నాలుగేండ్లు.

ఈ సంగతి చదివిన నాటినుండి మావారికి పరిశోధనకు చందా పోగుచేయాలనే పట్టుదల. లండనులో 1817లో ఈ జబ్బును గురించి గ్రంథం వ్రాసిన పార్కిన్సన్ వైద్యుని జన్మదినం ఏప్రిల్ 11. ఆవకాయ రోజులే గదా! రెండేండ్లుగా సీసాలకెత్తి, మన సంఘం వారి యిండ్లలో అమ్ముతున్నాము. మొదటి యేడు రు. 18,400, ఈ యేడు రు. 41,250 వచ్చినవి. రసీదులు మావారే వ్రాస్తారు. మాత్ర పట్టిన గంటలోనే ఆ పని కావాలి. ఇచ్చినవారు పాపం ఓపికగా నిలబడతారు.

ఈ యేడు సంఘంలోని ఒక పెద్దాయన మాత్రం సీసా తీసుకోలేదు. “ఏమమ్మా, ఆవకాయ డబ్బు పరిశోధనకు ఏ మూలకు? మందు కొనలేని రోగులెందరో ఉన్నారు. వారికి మాత్రలు కొనిపెట్టరాదా?” అన్నారు.

మాట న్యాయమే. మాకు వెంటనే జవాబు తోచలేదు. మావారే మెల్లగా, “అయ్యా, మాత్ర లోటు పూడుస్తుందే గాని జబ్బును ఆపదు. ఆపే మందు ఇంకా లేదు. వచ్చినా నాకందదు. మా మనుమడి కాలానికైనా ఉండాలి గదా” అన్నారు. ఆ మాట మాతో ఎన్నడూ అనలేదు. కోడలు లోపలికి వెళ్లిపోయినది.

వారం తిరక్కుండా పెద్దాయన తామే వచ్చి నాలుగు సీసాలు తీసుకున్నారు. సగం సొమ్ము బీదరోగుల మందులకు పోవాలని షరతు పెట్టినారు. ఒప్పుకున్నాము. ఇప్పుడు చందా పుస్తకంలో రెండు పద్దులున్నవి.