కనకయ్య నాయుడు పేరు ఆ పట్టికలో ఎందుకు లేదు?

మా తుకుంలో సాయంత్రం క్రికెట్ ఆడేటప్పుడు మూడు భాషల్లో కొట్లాడుకుంటాం. ఔటా కాదా అని తెలుగులో మొదలైతే మరాఠీలోకి పోయి హిందీలో తెగుతుంది. కిందటి దీపావళి సెలవుల్లో జరిగిన గొడవ మాత్రం ఔట్ గురించి కాదు.

నా మరాఠీ దోస్తు ఫోన్‌లో ఐసీసీ హాల్ ఆఫ్ ఫేమ్ పట్టిక చూపించాడు. ఆటలో గొప్పవాళ్ల పేర్లు ఎప్పటికీ ఉండేలా రాసిపెట్టే పట్టిక అది. 2009లో మొదలుపెట్టారు. మనవాళ్లలో బేడీ, గవాస్కర్, కపిల్ దేవ్, సచిన్, ధోనీ, ఇంకా కొందరు ఉన్నారు. మహిళల్లో డయానా ఎదుల్జీ, నీతూ డేవిడ్ ఉన్నారు. "మరి సి.కె. నాయుడు ఏడి?" అని అడిగాను. వాడు వెంటనే లెక్క తీశాడు. 7 టెస్టులు, 350 పరుగులు, సగటు 25. "ఇతకేచ్?" అని నవ్వాడు. ఇంతేనా అని.

ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. నాకు కోపం రావడానికి ఇంకో కారణం కూడా ఉంది. కొఠారి కనకయ్య నాయుడు పుట్టింది 1895లో, మనకు 150 కిలోమీటర్ల దూరంలో ఉన్న నాగపూర్‌లో, తెలుగు కుటుంబంలో. ఇంట్లో తెలుగు, బయట వేరే భాష. అంటే మనలాగే! కానీ మనవాడు కాబట్టి పెట్టండి అంటే ఎవరూ వినరు, వినకూడదు కూడా. అందుకే లెక్కలు చదవడం మొదలుపెట్టాను.

ఆ 7 టెస్టులు ఏవో తెలుసా? భారతదేశం ఆడిన మొట్టమొదటి 7 టెస్టులు. 1932లో ఒకటి, 1933-34లో మూడు, 1936లో మూడు. ఒక్కటి కూడా ఆయన వదల్లేదు. మొదటి టెస్టు నాటికి ఆయనకు 36 ఏళ్లు. ఆ వయసులో చాలామంది ఆట మానేస్తారు. ఆయన పెద్ద మ్యాచ్‌లు 1916 నుంచే ఆడుతున్నాడు, కానీ దేశానికి టెస్టులే లేవు. లేని టెస్టులో పరుగులు ఎట్లా కొడతాడు?

ఇది ఇంట్లో చెప్తుంటే మా తాత నవ్వాడు. తాత బొగ్గు గనిలో పనిచేశాడు. మొదటి తొమ్మిదేళ్లు ఠేకేదారు కింద, తర్వాత పర్మనెంట్. పింఛన్ లెక్కలో ఆ తొమ్మిదేళ్లు లేవు. "బొగ్గు గదే, చేతులు గవే. కాయితంల మాత్రం నేను లేను" అన్నాడు. నాయిన టీవీ సౌండ్ తగ్గించి తాత వైపు చూశాడు. ఎప్పుడూ చెప్పని మాట అది.

కాగితంలో లేని ఆ ఏళ్లలోనే నాయుడు పెద్ద పని చేశాడు. 1926 డిసెంబరులో ఇంగ్లండ్ నుంచి ఎం.సి.సి. జట్టు బొంబాయికి వచ్చింది. హిందూ జట్టు తరఫున జింఖానా మైదానంలో నాయుడు రెండు గంటల లోపే 153 కొట్టాడు. అందులో 11 సిక్సర్లు! ఆ జట్టువాళ్లే ఆయనకు వెండి బ్యాటు బహుమతి ఇచ్చారు. వాళ్ల కెప్టెన్ ఆర్థర్ గిల్లిగన్ భారత్‌కు టెస్టులు ఆడే సత్తా ఉందని నమ్మాడు. 1928లో మన బోర్డు ఏర్పడింది, 1932లో లార్డ్స్‌లో మొదటి టెస్టు. అంటే లోపలికి పోయే తలుపు తీసినవాళ్లలో నాయుడు ఒకడు. తలుపు తీసేసరికే ఆయనకు వయసైపోయింది.

లార్డ్స్‌లో కెప్టెన్ కూడా ఆయనే. అసలు టూర్ కెప్టెన్ పోర్‌బందర్ మహారాజా, కానీ ఆట తెలిసినవాడు నడిపించాలని ఆయన తప్పుకున్నాడు. నాకు ఈ మహారాజా నచ్చాడు. మొదటి ఇన్నింగ్స్‌లో మన జట్టులో ఎక్కువ పరుగులు నాయుడివే, 40. ఆ టూర్‌లో ఫస్ట్ క్లాస్ మ్యాచ్‌ల్లో 1,618 పరుగులు చేసి, 65 వికెట్లు తీశాడు. 1933లో విజ్డెన్ పుస్తకం ఆయన్ని ఏడాది ఉత్తమ ఆటగాళ్లలో ఒకరిగా ఎంచింది.

1936లో తప్పుకునే మహారాజా దొరకలేదు. కెప్టెన్సీ విజయనగరం మహారాజకుమార్ చేతికి పోయింది. ఆయన 3 టెస్టుల్లో చేసినవి 33 పరుగులు, అదే ఏడు సర్ బిరుదు కూడా వచ్చింది. నాయుడు తన చివరి టెస్టు ఇన్నింగ్స్‌లో 81 కొట్టాడు.

నాయుడికి అసలు గౌరవమే లేదని అనను. 1956లో పద్మభూషణ్ ఇచ్చారు. బోర్డు ఇచ్చే జీవిత సాఫల్య పురస్కారం ఆయన పేరు మీదే ఉంది, సచిన్ కూడా అది అందుకున్నాడు. ఆయన పేరుతో కప్పు కూడా ఉంది. మన దగ్గర ఉన్న ఈ గౌరవం ప్రపంచ పట్టికలో ఎందుకు లేదనేదే నా ప్రశ్న.

2021లో పాత కాలాల నుంచి ఒక్కో కాలానికి ఇద్దరి చొప్పున పట్టికలో చేర్చారు. రెండు యుద్ధాల మధ్య కాలానికి లియరీ కాన్‌స్టంటైన్‌ని, స్టాన్ మెక్‌కేబ్‌ని తీసుకున్నారు. నాయుడి కాలం సరిగ్గా అదే. వెస్టిండీస్‌కు చెందిన కాన్‌స్టంటైన్ టెస్టు సగటు ఎంతో చూశాను. 18 టెస్టులు, 635 పరుగులు, సగటు 19. వికెట్లు 58. ఆయన్ని తీసుకోవడం తప్పని చెప్పట్లేదు. ఆయన ఆట చూసి జనం క్రికెట్‌ని ప్రేమించారు, వర్ణవివక్ష మీద పోరాడాడు. అంటే సగటు ఒక్కటే చూసి తీసుకోలేదన్నమాట. ఆ కొలతతోనే కొలిస్తే నాయుడు ఎందుకు బయట ఉండాలి? ఫస్ట్ క్లాస్‌లో 11,825 పరుగులు, 411 వికెట్లు. 61 ఏళ్ల వయసులో రంజీ మ్యాచ్ ఆడాడు. మా పీటీ సార్ ఇది నమ్మలేదు, పుస్తకం చూపించాల్సి వచ్చింది.

ఇదంతా ఒక కాగితం మీద రాసి దోస్తుకు ఇచ్చాను. వాడు కాన్‌స్టంటైన్ లెక్కను ఫోన్‌లో మళ్లీ చూసుకున్నాడు. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సరే, మరి విజయ్ మర్చంట్? ఫస్ట్ క్లాస్ సగటు 71. ఆయన కూడా లేడు కదా?" అన్నాడు.

దానికి ఒప్పుకోక తప్పలేదు. ఇద్దర్నీ పెట్టాలన్నాను. ముందు ఎవరిని పెట్టాలనే దాని మీద గొడవ ఇంకా నడుస్తోంది, ప్రస్తుతానికి మరాఠీలో.