జలగ ఎర, వాలై చేప, ఎండాకాలం

మన భాషలో జలగ అంటే తిట్టు. వదలకుండా పట్టుకుని పీడించే ప్రతివాడూ జలగే (మా పాత మేనేజరుతో సహా). మిన్నెసోటాలో మాత్రం అదే జలగల్ని డజన్ల లెక్కన డబ్బులిచ్చి కొనుక్కుంటారు. మొదటిసారి బెయిట్ షాపు ఫ్రిజ్‌లో ఆ డబ్బాలు చూసినప్పుడు నాకు కడుపులో తిప్పింది. తర్వాత తెలిసిందేంటంటే ఇవి రక్తం తాగే రకం కాదట. రిబ్బన్ లీచ్ అంటారు, చచ్చిన వాటిని తిని బతుకుతుంది. వేలికి అతుక్కుంటుంది కానీ ఏమీ చెయ్యదు.

ఇదంతా వాలై అనే చేప కోసం. 1965 నుంచి ఇది మిన్నెసోటా రాష్ట్ర చేప, మన తెలంగాణకి కొర్రమీను ఎలాగో అలాగన్నమాట. పిల్లి కళ్ళలో ఉన్నట్టే దీని కళ్ళలోనూ వెలుగుని తిప్పికొట్టే పొర ఉంటుంది. అందుకే మసక చీకట్లో, మురికి నీళ్ళలో బాగా కనిపిస్తుంది దానికి. మిట్టమధ్యాహ్నం గాలం వేసుకుని కూర్చునేవాళ్ళకి చర్మం మాడడం తప్ప పెద్దగా ఏమీ దక్కదు. సాయంత్రం పొద్దు వాలాక వెళ్ళాలి, లేదా తెల్లారగట్ల.

పోయిన వేసవిలో మా నాన్న వచ్చారు. అమెరికా వచ్చిన తల్లిదండ్రుల సంగతి మీకు తెలిసిందే కదా. వారం రోజులు బానే ఉంటారు, ఆ తర్వాత నేను ఆఫీసుకి, ఆయన కిటికీ దగ్గరకి. కోనసీమలో పొలం చేసుకునే మనిషి, అపార్ట్‌మెంటులో ఏం చేస్తారు? అందుకే ఆయనకి మూడు రోజుల లైసెన్సు కొని రెడ్‌వింగ్ దగ్గర మిసిసిపీ నదికి తీసుకెళ్ళాను.

అక్కడ నది మీద ఆనకట్టా, పక్కనే పడవలు దాటే లాకులూ ఉంటాయి. నాన్న వాటిని చూడగానే "ఇవి మన లాకులే కదరా" అన్నారు. ధవళేశ్వరం కాలవల మీద పెరిగిన మనిషికి లాకుల గురించి నేను చెప్పేదేముంటుంది! వింగ్ డ్యాముల గురించి మాత్రం చెప్పాను. పడవలదారి లోతు చెయ్యడానికి వందేళ్ళ కిందటే సైన్యం ఇంజినీర్లు ఒడ్డు నించి నదిలోకి అడ్డంగా రాళ్ళూ కొమ్మలూ పేర్చారు. నీళ్ళని మధ్యకి నెట్టి అడుగు కోసుకుపోయేలా చెయ్యాలని వాళ్ళ ఉద్దేశం. ఇప్పుడవి నీళ్ళలో మునిగి ఉంటాయి, పైన చిన్న ముడతలా ఒక గీత కనిపిస్తుంది, అంతే. ఎండాకాలంలో వాలై వాటి ఎగువవైపు మొహానికి ఆనుకుని కాపు కాస్తుంది. ఆ ముడత ఎక్కడుందో చూపించమని నేను అడిగేలోపే ఆయన చూపించారు. మూడేళ్ళుగా ఈ నదికి వస్తున్న నేను మ్యాపు తెరుస్తూ ఉన్నాను.

ఇక్కడి సరంజామాని లిండీ రిగ్ అంటారు. సీసం గుండు దారం మీద జారుతూ ఉంటుంది, దానికి అవతల రెండుమూడడుగుల సన్నదారం, చివర చిన్న గాలం. జలగని వెడల్పుగా ఉండే చివర గుచ్చితే ఈదుతూనే ఉంటుంది. కిటుకంతా ఆ జారడంలోనే ఉంది. చేప ఎర నోట్లో పెట్టుకుని వెళ్తే దారం గుండులోంచి జారిపోతుంది, బరువు తెలీదు. నీళ్ళు బాగా వేడెక్కాక వానపాము కూడా మంచిదే. కొందరు దానికి సిరంజితో చిన్న గాలిబుడగ ఎక్కిస్తారు, అడుగునించి కాస్త తేలుతుందని.

గొడవొచ్చింది ఎంతసేపు ఆగాలి అన్నదాని మీద. నాన్న పద్ధతి మన కాలవ పద్ధతి: బెండు పూర్తిగా మునగనీ, మింగనీ, అప్పుడు లాగు. ఆయన లాగిన చేప గాలం మింగేసి ఉంది. కొలిస్తే 14 అంగుళాలు. ఆ నదిలో వాలై 15 అంగుళాలు లేకపోతే వదిలెయ్యాలి. దారం కోసి వదిలేశాను. నెత్తురోడుతూ పక్కకి వాలిపోయి నీళ్ళలోకి వెళ్ళింది.

"అది బతకదురా. చచ్చేదాన్ని నదిలో పారేస్తారా?"

"రూలు నాన్నా."

"తినేవాడికి రూలు పెట్టడం సరే. ఇది ఎవడు తినడానికి?"

ఆ తర్వాత గంటసేపు ఆయన గాలం ముట్టుకోలేదు.

నేను ఆలోచించిందేంటంటే, ఆయన పద్ధతిలో తప్పేం లేదు. పట్టిన ప్రతిదీ కూరలోకి వెళ్ళేచోట మింగనివ్వడమే తెలివి. కొలత చూసి వదలాల్సిన చోట అదే పద్ధతి చేపని చంపుతుంది. అసలు బతికున్న ఎర ఎంత రుచిగా ఉంటే అంత లోతుకి మింగుతుంది, పైగా వేసవి వేడినీళ్ళలో గాయపడ్డ చేప కోలుకోవడం కష్టం. అలాంటప్పుడు "ఇవాళ ముప్ఫై పట్టాను, అన్నీ వదిలేశాను" అని ఇక్కడివాళ్ళు గొప్పగా చెప్పుకోవడం నాకు మింగుడు పడదు. జూలైలో జలగ కట్టినవాడు ఇంటికి కావలసిన నాలుగు పట్టుకుని గాలం చుట్టెయ్యాలి. లెక్క పెంచుకోవాలంటే వసంతంలో, చల్లటి నీళ్ళలో, రబ్బరు ఎరతో ఆడుకోండి, ఎవరొద్దన్నారు? నేనైతే తాకు తెలిసిన వెంటనే రెండంకెలు లెక్కపెట్టి లాగేస్తున్నాను. కొన్ని తప్పించుకుంటాయి. పెదవికి తగిలినవి వదిలితే హాయిగా ఈదిపోతాయి.

మిగిలిన ఎరని మాత్రం దయచేసి ఒడ్డున పారబోయకండి, చెత్తబుట్టలో వెయ్యాలి. డబ్బాలో నదినీళ్ళు కూడా అక్కడే ఒంపేసి రావాలి. మనం రైతు నేస్తం అని చదువుకున్న వానపాము ఇక్కడి ఉత్తరాది అడవులకి పరాయిది, యూరప్ వాళ్ళతో వచ్చింది. నేల మీది ఆకుల పొరంతా తినేసి మొలకలకి చోటు లేకుండా చేస్తుంది. ఈ మాట చెప్తే నాన్న అస్సలు నమ్మలేదు.

రెండోరోజు మూడు మంచివి దొరికాయి, 17 అంగుళాల పైనే. నాన్న పులుసు పెడదామన్నారు కానీ వాలై మాంసం చింతపండు పులుసులో నిలవదు, పొరలు పొరలుగా విడిపోతుంది. కారం, అల్లంవెల్లుల్లి పట్టించి వేపుడు చేశాం. "ముల్లు తక్కువ, పర్లేదు" అన్నారు.