ముట్టుకోబాకు

నా బతుకులో నేను ఎక్కువసార్లు విన్న మాట "ముట్టుకోబాకు". ఊరి బావి దగ్గర విన్నాను. టీ కొట్టులో గ్లాసు దగ్గర విన్నాను. కంప్యూటర్ దగ్గర కూడా విన్నాను. బావి గురించీ గ్లాసు గురించీ మనవాళ్ళు చాలామంది రాశారు. నేను కంప్యూటర్ సంగతి రాస్తాను.

1985లో నేను పాలిటెక్నిక్‌లో చేరాను. ఆ ఏడాది జూలై 17నే కారంచేడులో మాదిగల్ని వెంటాడి చంపారు. మాదీ ఆ జిల్లాయే. మాదీ ఆ కులమే. భయం గుండెల్లో పెట్టుకునే ఎలక్ట్రికల్ డిప్లొమా చదివాను. ఆఖరి ఏడాది మా కాలేజీకి కంప్యూటర్లు వచ్చాయి. వాటికో ఏసీ గది. దుమ్ము పడకూడదని చెప్పులు బైటే విడవాలి. మా నాయన కుట్టిన చెప్పులు వాకిట్లో వదిలి ఉత్తకాళ్ళతో లోపలికి పోయాను. ఆ చల్లదనానికి ఒళ్ళు ఝల్లుమంది. మీటల మీద చెయ్యి పెట్టబోయాను.

"ఏయ్, నువ్వు ముట్టుకోబాకు. చెడిపోద్ది. పక్కోడు కొడతాడు, నువ్వు చూడు" అన్నాడు ల్యాబ్ చూసే ఆయన.

పక్కోడికి మాత్రం ఏమొచ్చు? వాడూ నాలాగే ఆ డబ్బాని ఆ రోజే మొదటిసారి చూశాడు. అయినా వాడి చెయ్యి పడితే చెడిపోదు, నా చెయ్యి పడితే చెడిపోద్ది. హాజరు పిలిచేటప్పుడు మా హాస్టలు పేరు, స్కాలర్‌షిప్పు సంగతి గట్టిగా చదివేవాళ్ళు. నేనెవరో గదిలో అందరికీ తెలుసు. ఆ ఏడాదంతా చేతులు వెనక్కి కట్టుకుని చూశాను. రికార్డులో కంప్యూటర్ బొమ్మ మాత్రం బాగా గీశాను. దానికి మార్కులు కూడా వేశారు.

తర్వాత కరెంటు శాఖలో ఉద్యోగం వచ్చింది. పదకొండు కేవీ లైన్ల కింద పని చేశాను. తుఫాన్లలో ట్రాన్స్‌ఫార్మర్లు విప్పాను. వాటికి భయపడలేదు. ఆఫీసులో బిల్లుల కంప్యూటర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం "అమ్మా, కాస్త కొట్టిపెట్టు" అని పిల్ల గుమస్తాని బతిమాలుకునేవాణ్ణి. ఆ ఏసీ గది నాలోంచి పోలేదు.

2020లో కరోనా వచ్చి కాలేజీలు మూసేశారు. మా అమ్మాయి అప్పుడు డిగ్రీలో మైక్రోబయాలజీ చదువుతోంది. క్లాసులన్నీ ఆన్‌లైనే. కొత్తది కొనే తాహతు లేక ఎనిమిది వేలకి ఎవరో వాడి వదిలేసిన కంప్యూటర్ తెచ్చాను. ఒకరోజు పిల్ల అంది: "నానా, మన కంప్యూటర్ ఖాళీగా ఉన్నప్పుడు టీబీ మీద పని చేసిపెట్టిద్దంట. మా మేడం చెప్పింది. పెడదామా?"

టీబీ అనేసరికి నేను తలెత్తాను.

మా అమ్మ టీబీతోనే పోయింది. పొగాకు గ్రేడింగులో కూలి. పొద్దస్తమానం ఆ ఘాటు, ఆ దుమ్ము. దగ్గు పొగాకు వల్లే అనుకున్నాం. నెత్తురు పడేదాకా ఆస్పత్రికి పోలేదు. రోజూ ఇంజక్షన్ అన్నారు. రోజూ బస్సు ఛార్జీ ఎవరిస్తారు? పనికి పోకపోతే కూలి ఎవరిస్తారు? నెల రోజులు పోయింది. దగ్గు తగ్గగానే మానేసింది. అది తగ్గడం కాదని మాకెవరూ చెప్పలేదు. మరుసటేడు పోయింది. అప్పటికి నాకు పన్నెండేళ్ళు.

పిల్ల నాకు వివరించి చెప్పింది. టీబీ సూక్ష్మజీవి చుట్టూ మైనంలాంటి దళసరి గోడ ఉంటది. దాంట్లో మైకాలిక్ ఆమ్లాలు ఉంటాయి. మందు లోపలికి దిగకుండా ఆ గోడ అడ్డుకుంటది. నెలల తరబడి మందు మింగాల్సి రావడానికి అదీ ఒక కారణం. ఆ ఆమ్లాలు ఎట్లా మెలితిరుగుతాయో, ఎట్లా అమరుతాయో లెక్క కట్టాలంటే ఒక్క కంప్యూటర్ చాలదు. అందుకని లెక్కని చిన్నచిన్న ముక్కలు చేసి లోకంలో ఉన్న మామూలు ఇళ్ళ కంప్యూటర్లకి పంచుతారు. ఒక్కో ఇంటి మిషను ఒక్కో ముక్క చేసి జవాబు తిరిగి పంపిద్ది. ఈ పద్ధతిని పెద్ద ఎత్తున జనంలోకి తెచ్చింది అమెరికాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయం వాళ్ళు. వేరే లోకాల్లో ఎవరన్నా ఉన్నారా అని ఆకాశం నుంచి వచ్చే సంకేతాలు వెతకడానికి 1999లో సెటి ఎట్ హోమ్ అని పెట్టారు. తర్వాత వాళ్ళే బోయింక్ అనే సాఫ్ట్‌వేర్ తయారుచేసి ఏ పరిశోధనకైనా వాడుకోమన్నారు. ఐబీఎం వాళ్ళు 2004లో మొదలుపెట్టిన వరల్డ్ కమ్యూనిటీ గ్రిడ్ కూడా దాని మీదనే నడిచింది. 2016లో అందులో ఈ టీబీ లెక్క మొదలైంది.

ఆకాశంలో ఎవరున్నారో నాకు అక్కర్లేదు. మా అమ్మ ఊపిరితిత్తుల్లో ఉన్నదాని గురించైతే నాకు కావాలి. "పెట్టమ్మా" అన్నాను.

మా అన్న ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడు. "ఊరికే ఎవడికో చాకిరీ చేసిపెట్టడమేందిరా? నాయన చేసిన వెట్టి చాలలేదా?" అన్నాడు. ఆ మాట నిజమే. మా నాయన ఊరందరికీ చెప్పులు కుట్టాడు, మోట తొండాలు కుట్టాడు, చచ్చిన గొడ్డుని మోశాడు. కళ్ళంలో వాళ్ళు పోసినన్ని గింజలు తెచ్చుకున్నాడు. నేను అప్పటికి జవాబు చెప్పలేకపోయాను.

పిల్ల బోయింక్ దింపింది. మేము సభ్యులుగా చేరాలి. పేరు అడిగింది. మా అమ్మ పేరు ఇచ్చాను. దేశం అడిగింది. ఇంటిపేరు అడగలేదు, ఊళ్ళో ఏ వైపు ఇల్లు అని అడగలేదు. కానీ అక్కడే ఆగిపోయింది. కనెక్టు కాలేకపోతున్నానంటది. మళ్ళీ దింపాం, మళ్ళీ పెట్టాం. అడ్మినిస్ట్రేటర్‌గా నడిపాం. యాంటీవైరస్ ఆపి చూశాం. ఊహూఁ. మర్నాడు పొద్దున్నే పిల్ల క్లాసు కూడా తెరుచుకోలేదు. ఇప్పుడిది సరదా వ్యవహారం కాదు. పిల్ల చదువు.

డబ్బా మోసుకుని కొట్టుకి పోయాను. కొట్టతను విప్పకుండానే చెప్పాడు: "మదర్‌బోర్డు పోయింది. నాలుగు వేలవుద్ది." అతను నన్ను మోసం చేశాడో, తెలియక చెప్పాడో ఇప్పటికీ నాకు తెలియదు. నా దగ్గర నాలుగు వేలు లేవు. డబ్బా తిరిగి తెచ్చుకున్నాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా నాయన జ్ఞాపకం వచ్చాడు. తొండం కారతందని రైతు తెచ్చి పడేస్తే ఆయన వెంటనే సూది పట్టేవాడు కాదు. ముందు తొండంలో నీళ్ళు పోసి వేలాడదీసేవాడు. ఎక్కడ చెమ్మ పుడతదో చూసేవాడు. దాన్ని బొగ్గుతో గీసేవాడు. అదొక్కటే కుట్టి మళ్ళీ నీళ్ళు పోసేవాడు. "అన్నీ ఒక్కసారి కుడితే ఏది కారిందో తెలవదురా" అనేవాడు. ఏ కాలేజీలోనూ ఇంతకంటే మంచి పాఠం నాకు చెప్పలేదు.

పొద్దున్నే లేచి నీళ్ళు పోసి చూడ్డం మొదలుపెట్టాను. ఎప్పుడు పని చేస్తంది, ఎప్పుడు చేయట్లేదు అని కాయితం మీద రాశాను. రెండు రోజులకి చెమ్మ కనపడింది. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ రోగం మొదలవుతంది. మూలన తేదీ చూశాను. 2009 జనవరి 1. మేమున్నది 2020లో, కంప్యూటర్ 2009లో ఉంది! పిల్లని పిలిచాను. తను చూసి నెత్తి కొట్టుకుంది. "నానా, అవతలి సైటు నిజమైందో కాదో చూసుకోడానికి ఒక సర్టిఫికెట్ ఉంటది. దానికి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా అని గడువు ఉంటది. మనది 2009 అంటే ఆ గడువు ఇంకా మొదలే కాలేదనుకుంటది. అందుకే తలుపు తియ్యట్లేదు." చేత్తో తేదీ మార్చాం. క్లాసు తెరుచుకుంది. మళ్ళీ కరెంటు పోయింది. మళ్ళీ 2009.

ఇక్కడ నా ఉద్యోగం పనికొచ్చింది. సబ్‌స్టేషన్లో సప్లై పోయినా రిలేలు పని చెయ్యాలి కాబట్టి ఒక బ్యాటరీ గది ఉంటది. కరెంటు లేనప్పుడు కూడా గడియారం నడవాలంటే ఈ డబ్బాలో కూడా ఎక్కడో బ్యాటరీ ఉండాలి. అది చచ్చిపోయి ఉండాలి. "ఉంటది నానా, రూపాయి బిళ్ళంత. సీఆర్ 2032 అంటారు" అంది పిల్ల. వాచీల కొట్లో నలభై రూపాయలకి దొరికింది.

డబ్బా విప్పాలి. స్క్రూలు తీశాను. పక్క రేకు లాగాను. లోపల ఆకుపచ్చ బోర్డు, దుమ్ము. చెయ్యి పెట్టబోయి ఆగిపోయాను. నిజం చెపుతున్నాను, యాభై దాటిన మనిషిని, నా చెయ్యి వణికింది. ముప్పై రెండేళ్ళ కిందటి గొంతు వినపడింది. ముట్టుకోబాకు, చెడిపోద్ది.

పిల్ల ఫోన్లో చదువుతోంది. "నానా, బోర్డు మీద చెయ్యి పెట్టేముందు డబ్బా ఇనప రేకుని ఒకసారి ముట్టుకోవాలంట. ఒంట్లో ఉన్న స్టాటిక్ కరెంటు దాంట్లోకి పోద్దంట. ముట్టుకోకపోతేనే బోర్డు చెడిపోద్దంట."

మళ్ళీ చదవమన్నాను. మళ్ళీ చదివింది. రంగు లేని ఇనుము మీద అరచెయ్యి మొత్తం ఆనించి పెట్టాను. కాసేపు అట్లాగే ఉంచాను. పిల్లకి అర్థం కాలేదు, "చాల్లే నానా" అంది.

బిళ్ళని పట్టుకున్న క్లిప్పు నా వేళ్ళకి అందలేదు. ఇంట్లో మా నాయన ఆరె, రంపె దాచిపెట్టుకున్నాను. ఆరె మొన బోర్డుకి తగలకుండా తిప్పి పట్టుకుని, దాని కొయ్య పిడి అంచుతో క్లిప్పు వెనక్కి నొక్కాను. బిళ్ళ టక్కున పైకి లేచింది. కొత్తది పెట్టాను. తేదీ సరిచేశాను. ప్లగ్గు పీకి గంటసేపు ఆగి మళ్ళీ పెట్టాను. తేదీ చెక్కు చెదరలేదు. బోయింక్ కనెక్టయింది. పని ముక్కలు దిగాయి.

అయిపోలేదు. పని మొదలవుతంది, ఆగుతంది. మళ్ళీ నీళ్ళు పోశాను. వేరే ప్రోగ్రాములు ప్రాసెసర్‌ని నూటికి ఇరవై అయిదు పాళ్ళు మించి వాడితే బోయింక్ తప్పుకుని దారి ఇచ్చేట్టు ముందే పెట్టి ఉంది. మాది ముసలి మిషను. యాంటీవైరస్ ఒక్కటే అంత తింటది. ఆ హద్దు పెంచాం. అప్పుడు పని నడిచింది. నడిచేసరికి వేడెక్కి దానంతట అదే ఆరిపోయింది. ఒంగోలు ఉక్క సంగతి చెప్పాలా? ఫ్యాను రెక్కల కింద దుమ్ము దూదిలాగా పేరుకుపోయి ఉంది. పెయింటు బ్రష్షుతో దులిపాను. రెండు కోర్లలో ఒకటే వాడుకోమని పెట్టాం. రాత్రిపూట మాత్రమే చెయ్యమన్నాం. మీటరు చూసే ఉద్యోగం కాబట్టి ఆ లెక్కా కట్టాను. వంద వాట్లనుకుంటే పది గంటలకి ఒక యూనిట్. మా అమ్మ పేరు మీద రోజుకో యూనిట్. భరించగలను.

మొదటి ముక్క పూర్తయిన రాత్రి మధ్యలో కరెంటు పోయింది. అంతా పోయిందనుకున్నాను. పోలేదు. చేసిన లెక్కని ఎక్కడికక్కడ దాచుకుంటదంట. దాచిన చోటునుంచి మళ్ళీ ఎత్తుకుంది. తెల్లారి జవాబు పంపింది. మా అమ్మ పేరు పక్కన అంకె పడింది. ఆ లెక్కకి కొలమానం పేరు కాబుల్‌స్టోన్ అని పిల్ల చదివితే "కాబ్లరా? చెప్పులు కుట్టేవాడా?" అన్నాను. కాదు, సెటి ఎట్ హోమ్‌లో పనిచేసిన జెఫ్ కాబ్ పేరు మీద పెట్టారంట. ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం.

మా అన్నకి అప్పుడు జవాబు చెప్పాను. "అన్నా, నాయనకి 'ఇవాళ చెయ్యను' అనే మాట లేదు. దీనికి ఆపు అనే మీట ఉంది. నా చేతిలో ఉంది. చేసిన లెక్క ఎవడి గాదెలోకీ పోదు, అందరికీ బహిరంగంగా పెట్టాలని వాళ్ళ షరతు. చేసిన పనికి నా పేరు, మా అమ్మ పేరు రాశారు. నాయన కుట్టిన తొండం మీద ఎవరి పేరుందో చెప్పు." అన్న ఏమీ అనలేదు. కాసేపటికి "అమ్మ పేరు ఎట్లా రాశారో చూపించు" అన్నాడు. కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో అక్షరం చదివాడు.

ఒక పాత డబ్బా రాత్రిళ్ళు లెక్క చేస్తే టీబీ పోదు. ప్రపంచంలో ఉన్న టీబీ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. కూలి పోద్దని మందు మానేసేవాళ్ళు మన పల్లెల్లో ఇంకా ఉన్నారు. వాళ్ళకి కావలసింది ముందు తిండి, బస్సు ఛార్జీ, దగ్గర్లో డాక్టరు. నాకది తెలుసు. నేను చేసింది గొప్ప పని అని చెప్పడానికి ఇది రాయట్లేదు. ఒక మిషను ఎందుకు ఆగిపోయిందో కనిపెట్టే తెలివి మా ఇంట్లో తరతరాలుగా ఉంది. తోలు మీద ఉంది కాబట్టి దాన్ని తెలివి అనలేదు. అంతే తేడా. ఇది చెప్పడానికి రాస్తున్నాను.

పిల్ల చదువు అయిపోయాక ఆ కంప్యూటర్ని మా పల్లెకి తీసుకుపోయి, అంబేద్కర్ బొమ్మ పక్కనున్న కమ్యూనిటీ హాల్లో పెట్టాను. పిల్లలు మూగారు. పక్క రేకు విప్పి లోపల చూపించాను. ఒక బుడ్డోడు చెయ్యి చాపి మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. వాళ్ళమ్మ వెనక నుంచి "ఒరేయ్, ముట్టుకోబాకు, చెడిపోద్ది" అంది. పాపం, ఆమె తప్పేముంది? ఆమె కూడా ఎక్కడో వినే ఉంటది.

వాడి చెయ్యి పట్టుకుని ఇనప రేకు మీద పెట్టించాను.

"ముందు ఇక్కడ ముట్టుకోరా. తర్వాత ఎక్కడైనా ముట్టుకో."