గోడౌన్‌లో ఎలుకలున్నాయా?

నవంబర్ 19, నంద్యాల
ధాన్యం గోడౌన్‌లో హమాలీ. వారం దాటిన జ్వరం, తల పగిలిపోయే నొప్పి. ప్లాస్టిక్ కవర్లో రిపోర్టులు తెచ్చుకున్నాడు. మలేరియా లేదు, డెంగీ లేదు, టైఫాయిడ్‌కు చేసే విడాల్ పరీక్ష మాత్రం పాజిటివ్. సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్లు పడుతూనే ఉన్నాయి, సాయంత్రమయ్యేసరికి జ్వరం మళ్లీ ఎగబాకుతూనే ఉంది. ప్లేట్‌లెట్లు తగ్గాయి, సోడియం తగ్గింది, లివర్ ఎంజైములు కాస్త పెరిగాయి.

చొక్కా విప్పించి చూస్తే ట్యూబ్‌లైటు కింద ఏమీ కనబడలేదు. కిటికీ దగ్గర నిలబెట్టాను. ఎండ పొట్ట మీద ఏటవాలుగా పడ్డాక తేలాయి సన్నటి మచ్చలు. వేలితో అదిమితే పోతున్నాయి, వదిలితే వస్తున్నాయి. మన ఒంటి రంగు మీద ఈ దద్దు ఇలా వెతికితే తప్ప దొరకదు. చంకలు, గజ్జలు, మొలతాడు కింద కూడా చూశాను. సిగరెట్‌తో కాల్చినట్టుండే నల్ల పుండు ఉంటే స్క్రబ్ టైఫస్ అనుకోవచ్చు. అది లేదు.

"గోడౌన్‌లో ఎలుకలున్నాయా?"
"ఎలకలు లేని గోడౌను యాడుంటది సార్? రాత్రి మూటల మీదే పండుకుంటాం. ఏవో సన్న పురుగులు కరుస్తాయి, తెల్లార్లూ గీరుకుంటాం."

అలా గీరుకోవడంతోనే రోగం ఒంట్లోకి పోతుంది. ఎలుక మీద బతికే ఫ్లీ అనే సన్న పురుగు రెట్టలో రికెట్సియా టైఫీ ఉంటుంది, గీరిన చోటు నుంచి లోపలికి చేరుతుంది. అది మన కణాల లోపల దాక్కుని పెరిగే జీవి, సెఫ్ట్రియాక్సోన్‌కు లొంగదు. మ్యూరిన్ టైఫస్ అనుకుని డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు, రోజుకు రెండు పూటలు రాశాను. అన్నం తిన్నాక, నిండు గ్లాసు నీళ్లతో వేసుకోవాలి, వేసుకున్న వెంటనే పడుకోకూడదు. రక్తం పరీక్షకు పంపాను. రిపోర్టు వచ్చేదాకా మందు ఆపే ప్రసక్తే లేదు.

నవంబర్ 21
జ్వరం దిగింది. ఇడ్లీ అడిగి తిన్నాడట.

నవంబర్ 23
వీల్-ఫెలిక్స్ పరీక్షలో ఓఎక్స్19 పెరిగింది. 1916 నాటి పరీక్ష ఇది. చౌక, కానీ చాలా కేసులను జారవిడుస్తుంది. గట్టి రుజువు కావాలంటే ఇమ్యునోఫ్లోరసెన్స్ చేయాలి. ఇప్పుడొకసారి, కొన్ని వారాలకు మరోసారి రక్తం తీసి, యాంటీబాడీలు నాలుగు రెట్లు పెరిగాయా అని చూడాలి. జ్వరం తగ్గిన కూలిమనిషి ఒక రోజు కూలి పోగొట్టుకుని రెండోసారి రక్తమివ్వడానికి ఎందుకొస్తాడు? అందుకే ఇలాంటి జ్వరాలు టైఫాయిడ్ లెక్కలో కలిసిపోతాయి. లెక్కలో లేని రోగానికి ఎవరు మాత్రం కిట్లు కొంటారు? ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం.

నవంబర్ 28, ఆళ్లగడ్డ
మనవణ్ణి తీసుకొచ్చిన అవ్వ, ఎలుకల మాటెత్తగానే తన పెద్దలు చెప్పిన ప్లేగు కథ మొదలుపెట్టింది. ఎలుకలు రాలితే చాలు, ఊరు ఖాళీ చేసి చేలల్లో గుడిసెలేసుకునేవాళ్లట. ప్లేగు ఎలుక నుంచి మనిషికి ఫ్లీ ద్వారా వస్తుందని పాల్ లూయీ సిమోన్ 1898లో కరాచీలో చూపించాడు. ఆ సంగతి తెలియకపోయినా మనవాళ్లు చేసింది సరైన పనే. మ్యూరిన్ టైఫస్‌లో ఆ హెచ్చరిక కూడా ఉండదు. ఎలుక చావదు, హాయిగా తిరుగుతుంది.

"మందు పెట్టి చంపేసినాం నాయనా," అంది అవ్వ. ముందు బొరియల దగ్గర పురుగుమందు చల్లించి, ఆ తర్వాతే ఎలుకలమందు పెట్టాలని చెప్పాను. ఎలుక చస్తే దాని మీది ఫ్లీలు పక్కనున్న మనిషిని వెతుక్కుంటాయి.

డిసెంబర్ 4
పిల్లికూనలతో ఆడుకునే పిల్లాడు. చంకలో గడ్డ, చేతి మీద మానిన గీరు. గడ్డ అనగానే మన దగ్గర క్షయ గుర్తొస్తుంది, రావాలి కూడా. సూది పరీక్ష చేయించాను. పిల్లి గీరితే వచ్చే బార్టోనెల్లా అని నా అనుమానం. పిల్లుల మధ్య దాన్ని మోసేదీ ఫ్లీయే. చాలామందిలో దానంతటదే తగ్గిపోతుంది.

డిసెంబర్ 9
టెట్రాసైక్లిన్ల కుటుంబంలో మొదటిది ఆరియోమైసిన్. 1940ల్లో లెడర్లీ ప్రయోగశాలలో బెంజమిన్ డగ్గర్ కనుక్కున్నాడు. అప్పుడక్కడ పరిశోధనలకు డైరెక్టర్ మన యల్లాప్రగడ సుబ్బారావు. నేను రోజూ రాసే డాక్సీసైక్లిన్ ఆ కుటుంబంలోదే. భీమవరంలో పుట్టిన ఆ మనిషి పేరు మన మెడికల్ కాలేజీల్లో ఇంకా గట్టిగా వినబడాలి.

డిసెంబర్ 12
గర్భిణి, ఆరో నెల, ఇదే రకం జ్వరం. డాక్సీ బదులు అజిత్రోమైసిన్.

డిసెంబర్ 17, రాత్రి
ఆళ్లగడ్డ నుంచి జూనియర్ ఫోన్. పత్తి మిల్లు కూలీ, ఎనిమిదో రోజు జ్వరం, మాట తడబడుతోంది, మెడ బిగుసుకుంది. కర్నూలు జనరల్ ఆసుపత్రికి పంపుతున్నామన్నాడు. మెనింజైటిస్ మందులు ఆపవద్దన్నాను. డాక్సీసైక్లిన్ ఇంజెక్షన్ కూడా, అంబులెన్స్ ఎక్కించకముందే మొదలుపెట్టమన్నాను.