వాల్యూం మీట క్రింద గరగర

రాజమహేంద్రవరంలో పదవీ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయుని ఇంట్లో పాత టూ-ఇన్-వన్ ఒకటి ఉంది. 1984లో ఆయన తల్లి పాడిన పెళ్లి పాటలను, మంగళహారతులను క్యాసెట్టుకు ఎక్కించినది ఆ యంత్రమే. తల్లి ఇప్పుడు లేరు. క్యాసెట్టుకు రెండవ ప్రతి లేదు. టేపు చెడిపోయేలోగా ఆ గొంతును కంప్యూటరులో భద్రపరచి దూరాన ఉన్న చెల్లెళ్లకు పంపాలని ఆయన సంకల్పించారు. హెడ్‌ఫోను రంధ్రంనుంచి కంప్యూటరుకు తీగ కలిపారు. పాట మొదలయింది. ధ్వనిని కొంచెం సరిచేద్దామని వాల్యూం మీటను తాకారో లేదో, ఎవరో ఎండుటాకుల మీద నడిచినట్లు గరగర. ఎడమవైపు ధ్వని పూర్తిగా మాయమై, మీటను వెంట్రుకవాసి కదిపితే మళ్లీ వచ్చింది. ఆ గరగర పాటతోపాటు కంప్యూటరులోకీ ఎక్కింది.

పక్కింటి కుర్రవాడు తలుపు బందులకు కొట్టే నూనె స్ప్రే తెచ్చి ఇచ్చాడు. మీట సందులోంచి కొట్టారు. రెండు రోజులు అద్భుతంగా పని చేసింది. మూడవ వారానికి గరగర రెట్టింపయింది. అప్పుడు గాని ఆయన మెకానిక్కు దగ్గరకు వెళ్లలేదు.

మూత విప్పి వాసన చూడగానే మెకానిక్కు అడిగిన మొదటి ప్రశ్న, "మాస్టారూ, దీంట్లో ఏం కొట్టారు?"

వాల్యూం కంట్రోలు లోపల చూడవలసినది పెద్దగా ఏమీ ఉండదు. బేకలైటు వంటి బిళ్ల మీద గుర్రపు లాడం ఆకారంలో పూసిన నల్లని కర్బనపు పట్టీ. దానిపై మీటతోపాటు జారే సన్నని లోహపు నాలుక. స్టీరియో యంత్రమైతే ఒకే ఇరుసుకు రెండు పట్టీలు, రెండు నాలుకలు. ఇంజనీర్లు దీనిని పొటెన్షియోమీటరు అంటారు. 1841లో పోగెన్‌డార్ఫ్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఓల్టేజిని కొలిచేందుకు కల్పించిన సాధనంనుంచి ఆ పేరు వచ్చింది. మన రేడియోలో అది కొలిచేదేమీ లేదు గాని పేరులోని మీటరు మాత్రం నిలిచిపోయింది.

నాలుక పట్టీని ఎడతెగకుండా అంటి ఉన్నంతవరకు ధ్వని నున్నగా పెరుగుతుంది, తగ్గుతుంది. మధ్యలో దుమ్ము రేణువు చేరినా, తేమ గాలికి లోహం చిలుము పట్టినా, అరిగిన కర్బనపు పొడి పేరుకొన్నా ఆ స్పర్శ క్షణకాలం తెగి కలుస్తుంది. ఆ తెగడం, కలవడమే చెవికి గరగరగా వినిపిస్తుంది. నూనె స్ప్రే చిలుమును తాత్కాలికంగా కరిగిస్తుంది. కాని దాని జిడ్డు పోదు. వచ్చిన దుమ్మునల్లా పట్టి ఉంచుతుంది. కొన్ని రకాల ప్లాస్టిక్కును మెత్తబరుస్తుంది కూడా.

ఉపాధ్యాయుడు సంచిలోంచి తల్లి క్యాసెట్టు తీయబోతే మెకానిక్కు వారించాడు. "పరీక్షకు అమ్మగారి టేపు ఎందుకండీ? ఏదైనా సినిమా పాటల క్యాసెట్టు చాలు." అసలు ముందు అతడు ఏ క్యాసెట్టూ పెట్టలేదు. ఖాళీ యంత్రాన్ని ఆన్ చేసి మీటను త్రిప్పి విన్నాడు. దాదాపు నిశ్శబ్దం. పాట లేనప్పుడు కూడా త్రిప్పగానే పెద్దగా బరబరలాడితే దోషం కంట్రోలుది కాకపోవచ్చు. ముందున్న కండెన్సరు కారి, అక్కడ ఉండకూడని డి.సి. విద్యుత్తు పట్టీమీదికి వస్తూ ఉండవచ్చు. అటువంటి సెట్టులో కంట్రోలును ఎన్నిసార్లు కడిగినా, చివరికి కొత్తది వేసినా గరగర తిరిగి వస్తుంది. మీట కదపకుండానే చప్పుడు వస్తే వెతకవలసినది మరోచోట. ఈ తేడా తెలియక ఎందరో మంచి కంట్రోళ్లను ఊడబీకి పారవేశారు.

ఆ తరువాతి పనికి కావలసినది ఓర్పే. ప్లగ్గు తీసి కొంతసేపు ఆగాలి. (పాత వాల్వు రేడియోలకు ఈ ఆగడం చాలదు. వాటి కండెన్సర్లలో వందల ఓల్టులు నిలిచి ఉండవచ్చు గనుక తెలియనివారు వాటి మూత విప్పకపోవడమే మంచిది.) ఇరుసు వైపునుంచి గాక, వెనుక మూడు కాళ్లున్న చోటి సందులోంచి ఐసోప్రొపైల్ ఆల్కహాలు పోసి మీటను ఈ చివరనుంచి ఆ చివరకు పాతిక, ముప్పై సార్లు త్రిప్పాడు. నల్లని నీరు కారింది. మళ్లీ పోశాడు, మళ్లీ త్రిప్పాడు. పూర్తిగా ఆరిన తరువాత, లూబ్రికెంటు కలిసిన కాంటాక్టు క్లీనరు ఒక్క చుక్క. ఆల్కహాలు జిడ్డుతోపాటు ఉండవలసిన గ్రీజును కూడా కడిగివేస్తుంది. అందుకే ఆ చివరి చుక్క. ఆరకముందే కరెంటు పెడితే ఆవిరి అంటుకొనే ప్రమాదం ఉంది. గరుకు కాగితంతో రుద్దితే పట్టీయే పోతుంది.

మిక్సరు మీది స్లైడర్లకు ఈ బాధ మరీ ఎక్కువ. వాటి గాడి ఆకాశంవైపు నోరు తెరచుకొని ఉంటుంది. దుమ్ము, విభూతి, టీ చుక్కలు నేరుగా పట్టీమీదే పడతాయి. కచేరీ కాగానే ఒక గుడ్డ కప్పితే సగం మరమ్మతు తప్పుతుంది. ఆ పని చేసే మైకుసెట్టువారు అరుదు.

యంత్రం శుభ్రపడింది. ఎడమవైపు ధ్వని తిరిగి వచ్చింది. కాని మీట నాలుగుకూ అయిదుకూ మధ్యకు వచ్చినప్పుడు సన్నని గరగర మిగిలే ఉంది. మెకానిక్కు మూడుసార్లు అక్కడికే తెచ్చి విని, "ఇది మురికి కాదండీ, అరుగుదల. మీ ఇంట్లో ఎప్పుడూ ఇక్కడే పెట్టి వినేవారు కదూ?" అన్నాడు.

ఉపాధ్యాయుడు వెంటనే జవాబివ్వలేదు. వంటింట్లో పని చేసుకొంటూ రేడియో వినేది తల్లి. నాలుగున్నర దాటితే మామగారికి నిద్ర చెడుతుందని, తగ్గితే పోపు చప్పుడులో తనకు వినపడదని ఆమె లెక్క. ఏళ్ల తరబడి నాలుక ఆగి, కొద్దికొద్దిగా కదిలిన చోటు అది. ఊడిపోయిన కర్బనాన్ని ఏ ద్రవమూ తిరిగి పూయలేదు.

కొత్త కంట్రోలు వేయవచ్చు. విలువ, కొలత సరిపోయినది దొరకాలి. ఆయన వద్దన్నారు. మెకానిక్కు కూడా పట్టుబట్టలేదు. కంప్యూటరుకు వెళ్లే తీగలో ధ్వనిని తగ్గించే రెసిస్టర్లు అతికించి, మీటను ఏడు దగ్గర నిలిపి, కదలకుండా పైన టేపు ముక్క అంటించి ఇచ్చాడు.

ఆ రాత్రి తలుపులు మూసి, పంకా ఆపి, ఆయన క్యాసెట్టు పెట్టారు. మొదట టేపు సహజంగా చేసే సన్నని హోరు. తరువాత గాజుల చప్పుడు. ఆ తరువాత, ఇంతకుముందు గరగరలో ఎన్నడూ తెలియని ఒక మాట: "ఏరా, తిరుగుతోందా?"