ఘనపూర్ మిడత... బల్లికి మంచిదేనా?

ఓరుగల్లు సీమలో ఎవరినైనా ఘనపూర్‌కు దారి అడిగితే ‘ఏ ఘనపూర్?’ అని ఎదురు ప్రశ్న వస్తుంది. రైల్లో వచ్చేవారిదైతే స్టేషన్ ఘనపూర్. కాకతీయుల కోటగుళ్లు చూడాలనుకునేవారు భూపాలపల్లి వైపు వెళ్లాలి. జనగామకు దగ్గర్లో మరొకటుంది. లింగాల ఘనపూర్. ఎర్రనేలలు, బండరాళ్ల గుట్టలు, వాన కోసం ఆకాశం వైపు చూసే చేలు. పర్యాటకుల పటంలో దీనికి పెద్ద చోటేమీ లేదు. కానీ ఇంట్లో చిరుతబల్లిని పెంచుకుంటున్న పిల్లలుంటే, వారికి చూపించాల్సిన ఊరొకటి ఈ మండలంలోనే ఉంది.

చిరుతబల్లి అంటే లెపర్డ్ గెకో. పసుపు ఒంటిమీద నల్లమచ్చలు, లావుపాటి తోక. గోడమీది బల్లిలా కాదు, రెప్పలార్పుతుంది! పాకిస్థాన్, అఫ్గానిస్థాన్‌ల రాతినేలల్లో పుట్టిన జాతి. ఇప్పుడు ప్రపంచమంతా గాజుపెట్టెల్లో పెంచుతున్నారు. సరిగా చూసుకుంటే పదిహేను, ఇరవై ఏళ్లు బతుకుతుంది. అన్నం, ఆకులు, పండ్లు... ఏవీ ముట్టదు. కదిలే పురుగు కావాలి. చిక్కంతా అక్కడే. సెలవులకు అమ్మమ్మగారి ఊరొచ్చిన పిల్లాడు చేనుగట్టున నాలుగు మిడతలు పట్టి డబ్బాలో వేసుకుంటాడు. ఏ చేనుగట్టున అన్నది ఎవరూ అడగరు.

అడగాల్సిన ప్రశ్న అదే. ఓరుగల్లు జిల్లాకు పురుగుమందు సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు. 1997-98లో పత్తి పంటను పురుగు ఊడ్చేసింది. ఎన్ని మందులు కొట్టినా చావలేదు. అప్పులపాలైన రైతులు ఆ మందే తాగి ప్రాణాలు తీసుకున్నారు. 2002లో బీటీ పత్తి వచ్చాక కాయ తొలిచే పురుగు కొన్నేళ్లు వెనక్కి తగ్గింది. రసం పీల్చే పచ్చదోమకూ తెల్లదోమకూ బీటీ పనిచేయదు కనుక పిచికారీలు ఆగలేదు. మందు కొట్టిన చేలో మిడత వెంటనే చావకపోవచ్చు. మత్తుగా, మెల్లగా నడుస్తుంటుంది. పిల్లల చేతికి సులువుగా చిక్కేది అదే! ఎగరలేని మిడతనే ఎక్కువ అనుమానించాలి. దాని ఒంట్లోని మందు అరచేతంత బల్లికి చాలా ఎక్కువ.

ఇప్పుడు ఆ ఊరి సంగతి. పేరు ఏనెబావి. లింగాల ఘనపూర్ మండలంలోని చిన్న పల్లె. తొలకరి పడగానే భూమిలోంచి ఎర్ర గొంగళిపురుగు రెక్కల పురుగులు లేచి, గుడ్లు పెట్టి, ఆముదం చేలను మోళ్లుగా మార్చేవి. మందులకు లొంగలేదు. స్వచ్ఛంద సంస్థల సాయంతో రైతులు దారి మార్చారు. రాత్రిపూట చేలల్లో మంటలు వేశారు. వెలుగుకు వచ్చిన రెక్కల పురుగులు మంటల్లో పడ్డాయి. గట్ల వెంట కందకాలు తవ్వి పాకివచ్చే పురుగులను ఆపారు. వేపగింజల కషాయం, పచ్చిమిర్చి-వెల్లుల్లి కషాయం తయారు చేసుకున్నారు. మెల్లగా ఎరువులూ మానేశారు. 2006లో ఊరంతా రసాయనాలు లేని సేద్యం చేస్తున్నట్టు ప్రకటించుకుంది. దేశం నలుమూలల నుంచీ రైతులు వచ్చి చూసి వెళ్లిన పల్లె ఇది.

అలాగని ఇలాంటి ఊళ్లో మిడతను పట్టి నేరుగా బల్లి ముందు పెట్టొచ్చా? తొందరొద్దు. మిడతకు పొలం గట్లు తెలియవు. పక్క ఊరి పత్తిలో మేసి ఇక్కడ వాలి ఉండొచ్చు. కషాయం కొట్టిన చేలో పురుగూ మంచిది కాదు. వేప పురుగుల ఎదుగుదలనే దెబ్బతీస్తుంది. పైగా బయటి పురుగుల్లో పరాన్నజీవులుంటాయి. తెలిసినవాళ్లు చేసే పని వేరు. మంచిచోట నాలుగు కీచురాళ్లను పట్టి, గాలాడే డబ్బాలో తడిమట్టి పెట్టి, గుడ్లు పెట్టనిస్తారు. ఇంట్లో పుట్టి, ఇంటి క్యారెట్టు, మునగాకు తిని పెరిగిన పిల్లలనే బల్లికి వేస్తారు. పురుగు తిన్నదే బల్లికీ చేరుతుంది మరి.

కొన్నింటిని ఏ ఊరివైనా దగ్గరికి రానివ్వకూడదు. మిణుగురులు అందంగా ఉంటాయి, ఒంట్లో విషం ఉంటుంది. జిల్లేడు ఆకు తినే చారల గొంగళి ఆ పాలలోని విషాన్ని దాచుకుంటుంది. పెసర, బెండ పూలమీద వాలే నలుపు-నారింజ పట్టీల పెంకుపురుగు ఒంటికి తగిలితే మనకే బొబ్బలెక్కుతాయి. నూగు గొంగళ్లు సరేసరి. తొలకరికి కనిపించే ఎర్రని ముఖమల్ ఆరుద్ర పురుగును పక్షులే పెద్దగా ముట్టవు. వంటింటి బొద్దింక ఏ మందు తిని వచ్చిందో! మొదటి వానకు దీపం చుట్టూ మూగే ఉసిళ్లను ఈ సీమలో వేయించుకుని ఇష్టంగా తింటారు. అవి బల్లికీ ఇష్టమే, కానీ కొవ్వెక్కువ. అవీ మందులేని చోటివైతేనే, ఏడాదికోసారి పండగ భోజనంలా చాలు.

రోజువారీకి కీచురాళ్లు, పట్టుపురుగులు, మార్కెట్లో దొరికే మీల్‌వార్మ్‌లు మేలు. మల్బరీ ఆకు తప్ప మరొకటి తినని పట్టుపురుగు మెత్తగా ఉంటుంది, త్వరగా అరుగుతుంది. ఆకు మీద మందు లేదని చూసుకోవాలి, అంతే. పురుగు పరిమాణం బల్లి రెండు కళ్ల మధ్య దూరాన్ని మించకూడదు. తినకుండా వదిలేసిన కీచురాయిని పెట్టెలో రాత్రంతా ఉంచితే అదే బల్లిని కొరుకుతుంది!

పురుగుల్లో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. వాటినే తింటూపోతే బల్లి ఎముకలు మెత్తబడతాయి, కాళ్లు వంకర్లు పోతాయి. అందుకే వేసేముందు పురుగులపై కాల్షియం పొడి చల్లుతారు. కాల్షియమంటే సున్నమే కదా అని తాంబూలం సున్నం రాస్తే నోరు కాలిపోతుంది. సరీసృపాల కోసమే అమ్మే కాల్షియం కార్బొనేట్ పొడి వాడాలి. డి3 విటమిన్ ఎంత అవసరమో పశువైద్యుడిని అడగాలి.

ఇక బల్లి సంగతి. గుట్టల్లో చిరుతమచ్చల బల్లి కనిపిస్తే విషమనుకుని కొట్టి చంపేస్తుంటారు. దానికి విషం లేదు. విశాఖపట్నం పరిసరాల్లోని ఇలాంటి బల్లి ఓ కొత్త జాతి అని శాస్త్రవేత్తలు 2022లో తేల్చారు. దాని పేరు యూబ్లెఫారిస్ పిక్టస్. పెంపకం కోసం అడవి బల్లులను పట్టుకుపోయే ముప్పు వీటికుంది. కనిపిస్తే ఫొటో తీసుకుని వదిలేయాలి. దాని భోజనం సంగతి అది చూసుకుంటుంది. ఎలాగూ రాత్రిపూట రాళ్ల సందుల్లో నాలుకతో నేలను తడుముతూ తిరుగుతుంది.