కూర్చున్నా నొప్పే, వంగినా నొప్పే

‘ఒళ్లొంచి పనిచేసేవాళ్లకి నడుం నొప్పి రాదు, కుర్చీలో కూర్చునేవాళ్లకే ఈ రోగాలన్నీ’ అని మీ వాట్సాప్ గ్రూపులోనూ ఎవరో ఒకరు పెట్టే ఉంటారు. మాది భద్రాచలం దగ్గర, అడవి అంచున ఉన్న ఊరు. ఇక్కడికొచ్చి చూస్తే ఆ మాట అనరు.

జనవరి నుంచి మార్చి దాకా మిరపకాయ కోతలు. ఆడవాళ్లు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా సాళ్లలో వంగే ఉంటారు. ఎండాకాలంలో తెల్లవారకముందే అడవికెళ్లి తునికాకు తెంపాలి, ఇంటికొచ్చి కింద కూర్చుని 50 ఆకులకో కట్ట కట్టాలి. రాత్రి అయ్యేసరికి వాడవాడంతా నొప్పుల బామ్ వాసనే!

నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని. వర్క్ ఫ్రమ్ హోమ్, రోజుకి తొమ్మిది గంటలు ల్యాప్‌టాప్ ముందు. మా పిన్నికి, నాకు నొప్పి ఒకటే. కారణమూ ఒకటే: గంటల తరబడి ఒకే భంగిమ. ముందుకు వంగితే వెన్నుపూసల మధ్య డిస్కులపై ఒత్తిడి పెరుగుతుంది. అలాగే ఉండిపోతే కండరాలు బిగుసుకుపోతాయి.

‘సాలు చివర ఒక్క నిమిషం నిలబడి వెనక్కి వంగు పిన్నీ’ అంటే, ‘కూలి కిలోల లెక్కన. నేను లేస్తే కాయ తూకం తగ్గుద్ది. నువ్వు లేస్తే నీకేం తగ్గుద్దిరా?’ అంది. నిజమే. కాల్‌లో ఉండి నిలబడితే మన జీతం తగ్గదు. లేచే వీలున్నవాళ్లం లేవాలి కదా!

నేను చేస్తున్నవి ఇవీ: అరగంటకో అలారం. మోగగానే లేచి, నడుముపై చేతులు పెట్టి మెల్లగా అయిదుసార్లు వెనక్కి వంగడం. ల్యాప్‌టాప్ కింద పుస్తకాలు పెట్టి స్క్రీన్ కళ్లెత్తుకి తేవడం, విడి కీబోర్డు వాడటం. పాదాలు నేలకి ఆనించి, నడుము వెనక చుట్టిన తువ్వాలు పెట్టుకోవడం. పొద్దున వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, నడుము పదిసార్లు పైకెత్తడం. ఏది చేసినా నొప్పి పెరిగితే ఆపేయాలి.

వీటన్నిటికన్నా తేలిక నడక. 2024లో లాన్సెట్‌లో వచ్చిన ఆస్ట్రేలియా అధ్యయనంలో, నడక అలవాటు చేసుకున్నవాళ్లలో సగం మందికి నొప్పి తిరగబెట్టేసరికి 208 రోజులు పట్టింది. మిగతా గుంపులో 112 రోజులే.

ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు. కాళ్లు తిమ్మిరెక్కి బలం తగ్గినా, మూత్రం మీద అదుపు తప్పినా, నొప్పితో పాటు జ్వరం వచ్చినా వ్యాయామాలు, బామ్‌లు పక్కనపెట్టి వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.